గూట్లోనే ఉండిపోయిన గొడుగు

సోవియట్ వ్యోమగామి వ్లదిమీర్ కోమరోవ్ తిరిగి రాలేదు. ఆ సంగతి తెలిసీ, ఆయన చివరి రోజు గురించి చదివిన ప్రతిసారీ మనసు పిచ్చిగా ఆశపడుతుంది, ఈసారైనా ఆ పారాచూట్ విచ్చుకుంటుందేమోనని. 1967 ఏప్రిల్ 24 ఉదయం, ఓర్స్క్ పట్టణానికి తూర్పున, చెట్టూ చేమా లేని మైదానంలో ఆయన నౌక సోయుజ్-1 నేలను ఢీకొట్టి కాలిపోయింది. అంతరిక్ష యాత్రలో ప్రాణం పోగొట్టుకున్న మొదటి మనిషి ఆయనే. అప్పటికి ఆయన వయసు 40.

ఆయన ఇంజనీరు. జుకోవ్‌స్కీ వైమానిక ఇంజనీరింగ్ అకాడమీలో చదివారు. 1964లో వోస్ఖోద్ నౌకను నడిపి, తోటివారిద్దరితో క్షేమంగా దిగివచ్చారు. ఇంట్లో భార్య వలెంతీనా, కొడుకు యెవ్‌గేనీ, కూతురు ఇరీనా. ఆయన వెళ్లలేకపోతే వెళ్లడానికి సిద్ధంగా ఉంచిన మనిషి యూరీ గగారిన్.

ఆగడానికి ఎన్ని చోట్లున్నాయో తలచుకుంటే దుఃఖం ముంచుకొస్తుంది. సోయుజ్‌కు రూపమిచ్చిన కొరొల్యోవ్ 1966 జనవరిలోనే కన్నుమూశారు. ఆ ఏడాది నవంబరులో మనుషులు లేకుండా పంపిన మొదటి సోయుజ్ దారి తప్పి, తనను తానే పేల్చేసుకుంది. డిసెంబరులో రెండోదానికి ప్రయోగ వేదిక మీదే మంటలంటుకున్నాయి. ఫిబ్రవరిలో మూడోది తిరిగైతే వచ్చింది గానీ, అడుగున కన్నం పడి, అరల్ సముద్రపు మంచును పగలగొట్టుకుని మునిగిపోయింది. మూడుసార్లు ఆ నౌక తన మాట తాను చెప్పింది. నాలుగోసారి అందులో మనిషిని కూర్చోబెట్టారు.

ఏప్రిల్ 23న నింగికెగిరిన కాసేపటికే కష్టాలు మొదలయ్యాయి. ఎడమవైపు సౌరఫలకం విప్పుకోలేదు. కరెంటు చాలలేదు. నౌకను సరైన దిశలో నిలబెట్టే పరికరాలు మొండికేశాయి. మరునాడు బికోవ్‌స్కీ, యెలిసేయెవ్, ఖ్రునోవ్ సోయుజ్-2లో వెళ్లి ఆయన నౌకతో కలవాలి. యెలిసేయెవ్, ఖ్రునోవ్ శూన్యంలోకి అడుగుపెట్టి ఆయన దగ్గరికి చేరాలి. ఆ ప్రయాణం ఆపేసి, కోమరోవ్‌ను వెనక్కి రమ్మన్నారు. యంత్రం చేతులెత్తేసిన చోట ఆయన చేతులు పనిచేశాయి. 19వ ప్రదక్షిణలో నౌకను స్వయంగా తిప్పి, సరైన భంగిమలో నిలబెట్టి, కిందికి దించారు. మంటల్లాంటి వాతావరణాన్ని దాటుకుని వచ్చారు. మనిషి చేయగలిగినదంతా ఆయన చేశారు. అక్కడితో ఆయన వంతు అయిపోయింది. ఇక మిగిలింది గుడ్డా తాళ్లే.

ముందు చిన్న పారాచూట్ విచ్చుకుంది. గాలిని పట్టుకుని, గూట్లో మడతపెట్టి ఉన్న పెద్ద పారాచూట్‌ను బయటికి లాగడమే దాని పని. అది లాగింది. పెద్దది కదల్లేదు. వానాకాలంలో ఉబ్బిన బీరువా సొరుగులా బిగుసుకుపోయింది. వేగం తగ్గలేదని గమనించిన యంత్రాంగం రిజర్వ్ పారాచూట్‌ను వదిలింది. కానీ పైన చిన్న పారాచూట్ ఇంకా వేలాడుతూనే ఉంది. దాని నీడలో రిజర్వ్‌కు గాలి అందలేదు, తాళ్లు పెనవేసుకున్నాయి. దాదాపు మూడు టన్నుల నౌక సెకనుకు 35 నుంచి 40 మీటర్ల వేగంతో నేలకు కొట్టుకుంది. మెల్లగా దించడానికి అడుగున అమర్చిన చిన్న రాకెట్లు ఆ తర్వాత అంటుకున్నాయి. పరుగున వెళ్లినవాళ్లు మట్టి తీసి పోస్తూ మంటలు ఆర్పారు.

పెద్ద పారాచూట్ గుడ్డ చిరగలేదు, తాడు తెగలేదు. తప్పు గూటిది. నౌక లోపలి ఒత్తిడికి గూటి గోడలు వంగి, మడతలను నొక్కిపట్టాయని, ఆ ఒరిపిడిని మించిన బలం చిన్న పారాచూట్‌కు లేకపోయిందని విచారణ తేల్చింది. ఆ నౌకల నిర్మాణంలో పాలుపంచుకున్న బొరీస్ చెర్టోక్ తన జ్ఞాపకాల్లో మరో సంగతి రాశారు. వేడిని తట్టుకునే పూత గట్టిపడడానికి నౌకలను ఆటోక్లేవ్ అనే బట్టీలో పెట్టినప్పుడు, గూళ్ల మూతలు ఇంకా తయారుకాలేదట. పూతలోని జిగురు ఆవిరై లోపలి గోడలకు పట్టి, అవి గరుకుబారి, అంటుకునేలా తయారయ్యాయని ఆయన కథనం. పారాచూట్ పరీక్షలకు విమానం నుంచి జారవిడిచిన నమూనాలకు ఆ పూతా లేదు, ఆ బట్టీ వేడీ లేదు. వాటి గోడలు నున్నగా ఉన్నాయి, పారాచూట్లు హాయిగా జారివచ్చాయి. పరీక్షించినది ఒకటి, ఎగిరినది మరొకటి. ఎవరైనా ఆ గూట్లో చేయిపెట్టి, అరచేత్తో గోడను ఒక్కసారి తడిమి ఉంటే! ఈ కథలో నన్ను అన్నిటికన్నా బాధించేది ఆ తడమని చేయే.

స్కైడైవర్లకు ఈ మరణం పరాయిది కాదు. చిన్న పారాచూట్ వెనక వేలాడుతూ, పెద్దది వీపు మీది సంచిలోనే ఇరుక్కుపోవడం వాళ్లందరికీ తెలిసిన భయం. రిజర్వ్ లాగితే అది దానికే చుట్టుకోవచ్చు, లాగకపోతే నేల దగ్గరపడుతుంది. ఆ గతి పట్టడానికి పెద్ద లోపమే ఉండనక్కర్లేదు. చిన్న పారాచూట్‌ను పని అయ్యాక ముడిచే సన్నని తాడు, దూకిన ప్రతిసారీ పుట్టే ఒరిపిడి వేడికి కొద్దికొద్దిగా కుంచించుకుపోతుంది. పైన తొడుగుగా ఉన్న పట్టీ మాత్రం కుంచించుకోదు. ఒకరోజు ఆ చిన్న గొడుగు నిండుగా విచ్చుకోదు, చాలినంత బలంతో లాగదు. పట్టీకి ఒకచోట గోరంత కిటికీ ఉంటుంది. మడతపెట్టే ముందు అందులో తాడు మీది రంగు గుర్తు కనిపించాలి. కనిపించకపోతే తాడు సరిగా సర్దలేదని, లేదా పొట్టిదైపోయిందని అర్థం. పారాచూట్లను సరిచూసి మడిచే రిగ్గర్, బాధ్యత తెలిసినవాడైతే, అంతటితో ఆగడు. మూత బిగించే దారపు ఉచ్చులో పోగు లేచిందా అని వేళ్లతో వెతుకుతాడు, గుడ్డ పలచబడి గాలి వదిలేస్తోందేమో చూస్తాడు, పిడి లాగడానికి ఎంత బలం కావాలో స్ప్రింగ్ త్రాసు తగిలించి కొలుస్తాడు. ఈ పనులన్నీ ఓపికగల చేతులకు దొరికే వ్యవధిని అడుగుతాయి. 1967 వసంతంలో కోమరోవ్‌కు దక్కనిది ఆ వ్యవధే.

సోయుజ్-2 గూటిలోనూ అదే లోపం ఉంది. సోయుజ్-1 సవ్యంగా తిరుగుతూ ఉంటే ఆ ముగ్గురూ మరునాడు ఎగిరేవాళ్లు, అదే నేల మీదికి అలాగే రాలేవాళ్లు. విప్పుకోని సౌరఫలకం కోమరోవ్‌ను కష్టపెట్టి, వాళ్లను కాపాడింది.

ఆయన చితాభస్మాన్ని ఏప్రిల్ 26న క్రెమ్లిన్ గోడలో ఉంచారు. గగారిన్‌ను మళ్లీ అంతరిక్షంలోకి పోనివ్వలేదు. మరుసటి ఏడాది మార్చిలో శిక్షణ విమానం కూలి ఆయనా వెళ్లిపోయారు. తర్వాతి సోయుజ్‌లలో పారాచూట్ గూటిని పెద్దది చేశారు, గోడలను గట్టిపరిచారు, లోపలంతా నున్నగా పాలిష్ పట్టారు. హైదరాబాద్‌లో చదువుకున్న రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో నేలకు దిగింది సోయుజ్ పారాచూట్ కిందే. ఆ దిద్దుబాటుకు చెల్లించిన మూల్యం తెలిస్తే, మన ఆనాటి సంబరంలో కోమరోవ్ ఇంటివాళ్ల వాటా కూడా ఉందనిపిస్తుంది.

1969 జనవరి 16న యెలిసేయెవ్, ఖ్రునోవ్ సోయుజ్-5లోంచి శూన్యంలోకి వచ్చి, షతాలోవ్ నడుపుతున్న సోయుజ్-4లోకి చేరారు. కోమరోవ్ నౌకలోకి చేరడానికి నేర్చుకున్న విద్య అది. మరునాడు పెద్ద పారాచూట్ సకాలంలో గూడు వదిలి వచ్చింది. ముగ్గురూ ప్రాణాలతో నేల మీద దిగారు.