బాక్సైట్‌ను నూరే విద్య, మన కొండల చరిత్ర

విశాఖ రేవులో ఓడలకెక్కే సరుకుల్లో ఒక తెల్లటి పొడి ఉంది. అదే అల్యూమినా. ఒడిశాలోని దమన్‌జోడిలో నాల్కో సంస్థ దాన్ని తయారుచేసి రైలులో రేవుకు పంపుతుంది. దానికి మూలం తూర్పు కనుమల మీది బాక్సైట్ రాయి. 1970లలో భూగర్భ శాస్త్రవేత్తలు ఈ నిల్వలు ఎంత ఉన్నాయో గుర్తించారు. అప్పటి నుంచి మన గాలికొండ, రక్తకొండ, జెర్రెల, సప్పర్ల పేర్లు కూడా ప్రభుత్వ కాగితాలకెక్కాయి.

ఈ రాయి నుంచి అల్యూమినా తీసే పద్ధతికి 1888లో కార్ల్ జోసెఫ్ బేయర్ పేటెంట్ పొందాడు. రాయిని పొడిచేసి వేడి కాస్టిక్ సోడాలో కలిపితే అల్యూమినా కరుగుతుంది, ఎర్రబురద మిగులుతుంది. టన్ను అల్యూమినాకు రెండు మూడు టన్నుల బాక్సైట్ కావాలి. బురద కూడా టన్ను, అంతకు మించి మిగులుతుంది.

దిగుబడి పెంచడానికి శాస్త్రవేత్తలు నూరే దశ మీద దృష్టి పెట్టారు. జంషెడ్‌పూర్‌లోని జాతీయ లోహశోధన ప్రయోగశాల ఇందులో పరిశోధనలు చేసింది. మన ఇళ్లలో తిరగలితో చోళ్ళు విసురుతాం. పిండి ఎంత మెత్తగా ఉంటే అంబలి అంత త్వరగా ఉడుకుతుంది. ఉక్కు గుండ్లు తిరిగే మిల్లులో జరిగేది ఇంకా ఎక్కువ. అక్కడ రేణువు చిన్నదవడంతో పాటు లోపలి స్ఫటికాల అమరిక కూడా చెదిరిపోతుంది. అలా చెదిరిన రాయి సోడాలో త్వరగా, తక్కువ వేడికే కరుగుతుంది. దీన్నే యాంత్రిక ఉత్తేజనం అంటారు. మిల్లు తిప్పడానికి మాత్రం కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది.

ఈ విద్యను మనం తప్పుపట్టం. టన్ను రాయి నుంచి ఎక్కువ అల్యూమినా వస్తే తవ్వకం తగ్గాలి. కానీ నాసిరకం రాయి కూడా లాభమిస్తుందంటే, నిన్న వదిలేసిన కొండ కూడా రేపు గనుల లెక్కలోకి రావచ్చు. ఆ కొండల నుంచి పారే గెడ్డల నీళ్లే మన పొలాలకు, ఊళ్లకు ఆధారం.

కొండను తవ్వాలా వద్దా అన్నది మిల్లు తేల్చే ప్రశ్న కాదు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు లీజుల మీద సాగిన సమత కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వరాదని తేల్చింది. 2015లో చింతపల్లి అడవిలో బాక్సైట్ తవ్వకానికి వచ్చిన 97వ నంబరు జీవో, మన ఊళ్ల నిరసనల తరువాత, 2019లో రద్దయింది.

అందుకే యువతకు, తోటి ఉపాధ్యాయులకు మా మాట ఒకటే. బడిలో అల్యూమినియం పాఠం వచ్చిన రోజు సమత తీర్పును కూడా పిల్లలతో చదివిద్దాం. రేపు గ్రామసభలో కంపెనీ ఇంజినీరు లెక్కలు చెబితే, వాటిని అర్థం చేసుకుని తిరిగి ప్రశ్నించేవాళ్లు మనలో ఉండాలి.