ముక్కు మూసుకునే కార్లు

కారు ముందు భాగంలో గాలి కోసం వదిలే ఖాళీని కొలిచేది గడ్డురోజు లెక్కన. నడివేసవి మధ్యాహ్నం, బండి నిండా జనం, డిక్కీ నిండా సామాను, ఎదురుగా ఘాట్ రోడ్డు ఎక్కుడు. అప్పుడు కూడా ఇంజను మరిగిపోకూడదు. అలాంటి రోజులు ఏడాదికి ఎన్నో ఉండవు. ఆ కొలతతో చేసిన రేడియేటర్‌ని మిగతా రోజులన్నీ మోసుకు తిరగడమంటే పెళ్లి గుండిగలో రోజూ ఇద్దరికి అన్నం వండుకోవడమే. అక్కరకు మించి వచ్చే గాలిని ఆపడానికి రేడియేటర్ ముందు ఒక తెరో, రెక్కల వరసో పెడితే ఇంజను త్వరగా వేడెక్కుతుంది, ఎదురుగాలి తగ్గుతుంది, పెట్రోలు మిగులుతుంది. ఇప్పటి కంపెనీల ప్రకటనలు చూస్తే ఇదంతా నిన్నగాక మొన్న కనిపెట్టిన సంగతిలా ఉంటుంది. నిజానికి ఈ తలుపు వయసు వందేళ్లు. దాన్ని వేళకు తెరిచి, వేళకు మూసే నమ్మకమైన మనిషో యంత్రమో దొరకడానికే ఇంత కాలం పట్టింది.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్-టీ కార్లలో తొలి కొద్ది వేలు తప్పిస్తే మిగతావాటికి నీటి పంపు లేదు, థర్మోస్టాట్ లేదు. వేడి నీళ్లు పైకి లేస్తాయి, చల్లబడ్డవి కిందికి దిగుతాయి, అదే ప్రసరణ. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, కెనడాలో చలికాలం వస్తే ఆ ఇంజను సరిగా వేడెక్కేదే కాదు. చల్లటి ఇంజనులో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. మండని చుక్కలు సిలిండరు గోడల వెంట జారి కింది ఆయిల్లో కలుస్తాయి, ఆయిల్ పలచబడుతుంది, లోపలి భాగాలు అరుగుతాయి. అంటే ఇంధనమూ వృథా, ఇంజనూ వృథా. అందుకే జనం రేడియేటర్ ముందు అట్టముక్కలు కట్టారు, బొంతలు కప్పారు. తర్వాత ఎండపొడ వస్తే వాటిని తీయాలని గుర్తుండాలి కదా! రేడియేటర్ మూత మీద బిగించే బోయిస్ మోటోమీటర్ అనే థర్మామీటర్ ఆ రోజుల్లో అంత చలామణీ కావడానికి ఈ భయం కూడా ఒక కారణమై ఉంటుంది. 1920లలో షికాగోకు చెందిన పైన్స్ కంపెనీ ‘వింటర్‌ఫ్రంట్’ పేరుతో వేడికి తనంతట తానే తెరుచుకునే రెక్కల చట్రాన్ని అమ్మింది. 1922 నాటి రోల్స్‌రాయిస్ ‘ట్వెంటీ’లో రెక్కలుండేవి గానీ, వాటిని తిప్పే పని డ్రైవరుది. జీతానికి డ్రైవరుని పెట్టుకునే ఇళ్లకు అది సమస్య కాదు. తర్వాతి మోడళ్లలో ఆ పని థర్మోస్టాట్ చేతికి పోయింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత రెక్కలు కదలడమే మానేసి, కంపెనీ గుర్తుగా, ఉత్త అలంకారంగా మిగిలిపోయాయి.

నీటి దారిలోనే థర్మోస్టాట్ వచ్చాక ఈ తలుపుతో పనేముంది అని అడగవచ్చు. 1930లలో మైనంతో పనిచేసే థర్మోస్టాట్ వచ్చింది. ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వదు. వెచ్చదనం వరకు అది చక్కటి పరిష్కారమే, చాలా దేశాల్లో రెక్కలు మాయం కావడానికి అదీ ఒక కారణం కావచ్చు. కానీ అది ఆపేది నీళ్లనే, గాలిని కాదు. గ్రిల్‌లోంచి దూరిన గాలి రేడియేటర్‌ని గుద్దుకుని, వేగం కోల్పోయి, ఇంజను గదిలో సుడులు తిరిగి కిందినుంచి బయటపడుతుంది. ఆ నిరోధం బండిని వెనక్కి లాగుతూనే ఉంటుంది. చలిదేశాల్లో మాత్రం తెర నిలిచింది. స్వీడన్‌లో సాబ్, వోల్వో పాత మోడళ్లలోనూ, తూర్పు జర్మనీ వార్ట్‌బర్గ్ 353లోనూ డ్రైవరు లాగితే లేచే తెర ఉండేది. సోవియట్ వోల్గా కారుకు రెక్కలుండేవి. వీటన్నిటి బలహీనత ఒకటే: లాగిన చెయ్యి వదలడం మరిచిపోతే నీళ్లు మరుగుతాయి.

గాలి నిరోధం గురించి ముందుగా బుర్ర పెట్టింది విమానాలవాళ్లు. అమెరికాలో విమాన పరిశోధన సంస్థ నాకా 1928లో గుండ్రటి ఇంజనుకు తొడిగే కౌలింగ్ అనే కవచాన్ని రూపొందించింది. తర్వాత దాని వెనక అంచున కదిలే రెక్కలు వచ్చాయి. పైకి లేచేటప్పుడు పైలట్ వాటిని తెరుస్తాడు, తిన్నగా సాగేటప్పుడు మూస్తాడు. ఇంగ్లండులో ఫార్న్‌బరో విమాన కేంద్రం పరిశోధకుడు మెరెడిత్ 1930ల నడుమ ఇంకో అడుగు వేశాడు. రేడియేటర్‌లో వేడెక్కి వ్యాకోచించిన గాలిని ఇరుకు దారిగుండా వెనక్కి వదిలితే, అది తెచ్చిన నష్టంలో కొంత అదే పూడుస్తుందని చూపాడు. 1940లో తొలిసారి ఎగిరిన మస్టాంగ్ యుద్ధవిమానం పొట్ట కింది రేడియేటర్‌కు తలుపు ఉన్నది గాలి బయటికి పోయే వైపు. ఈ తెలివి అప్పుడే కార్లకు ఎందుకు రాలేదు? గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. గంటకు నలభై కిలోమీటర్ల కారుకు ఆ ఖర్చు లెక్కలోకి రాదు, పైగా పెట్రోలు చవక. ఇంకో సంగతి, మీటర్లు చూస్తూ రెక్కలు సర్దడం పైలట్ విద్యలో భాగం. సంతకు పోయే కారు యజమాని నుంచి అది ఆశించలేం.

1973లో చమురు సంక్షోభం, 1975లో అమెరికా మైలేజీ చట్టం వచ్చాయి. కార్ల ఒళ్లు నునుపుదేలింది, గ్రిల్ మాత్రం తెరిచే ఉంది. నా వాదనకు ఇదే గట్టి సాక్ష్యం అనుకుంటాను. అవసరం ఉంది, సూత్రం తెలుసు, రెక్కలు చేయడం ఎప్పుడో వచ్చు, కాపలా మాత్రం లేదు. ఇంజను కంప్యూటరుకు నీటి వేడి, బండి వేగం, ఏసీ ఒత్తిడి అన్నీ ఒకేచోట అంది, ఒక చిన్న మోటారు చవకగా దొరికాక రెక్కలు తిరిగొచ్చాయి. బీఎండబ్ల్యూ 2007 ప్రాంతంలో, షెవర్లే క్రూజ్ ఎకో 2011లో, ఫోర్డ్ ఫోకస్ 2012 మోడల్‌లో. ఆ రోజుల్లోనే, 2008లో ముడిచమురు పీపా ధర 147 డాలర్లు తాకినప్పుడు, మైలేజీ పిచ్చోళ్లు కొందరు ప్లాస్టిక్ అట్టలతో, నురుగు గొట్టాలతో సొంత కార్ల గ్రిల్ మూసుకున్నారు. ఇంకాస్త ఓపికున్నవాళ్లు తీగ లాగితే కదిలే పలకలు బిగించుకున్నారు. కంపెనీలు వాళ్లను చూసి నేర్చుకున్నాయని చెప్పలేం గానీ, ఇద్దరి లెక్కా ఒకటే.

మిగిలేది బహు స్వల్పం కదా అంటే, అవును. కారుమీద పడే మొత్తం గాలి నిరోధంలో రేడియేటర్ గాలి వాటా సుమారుగా పదోవంతుకు మించదు. అందులోనూ కొంతే ఆదా అవుతుంది. గాలి నిరోధం 3 శాతం తగ్గించే ఇలాంటి కదిలే ఏర్పాట్లకు అమెరికా ప్రభుత్వం కారుకు మైలుకు 0.6 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ లెక్కన రాయితీ పెట్టింది. కొనేవాడికి కంటికి ఆనని ఈ ఆదా లక్షల బండ్లు అమ్మే కంపెనీ పద్దులో బరువుగా కనిపిస్తుంది. ఇక మన ఎండల సంగతి. ఏసీ కండెన్సరు ఉండేది రేడియేటర్‌కు ముందే, కాబట్టి నలభై డిగ్రీల ఎండలో అట్టముక్క కట్టి వదిలేస్తే కంప్రెసరు మీద భారం పెరిగి ఉన్న మైలేజీ కూడా పోతుంది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆ వేగానికి రెక్కలు మూసినా మిగిలేదేమీ లేదు. విజయవాడ హైవే మీద ఒకే వేగంతో సాగేటప్పుడు మాత్రం, వేసవి ఉదయమైనా సరే, సగం గ్రిల్‌తోనే సరిపోవచ్చు. ఎలక్ట్రిక్ కార్లలో మోటారు వేడి తక్కువ కాబట్టి రెక్కలు చాలాసేపు మూసే ఉంచవచ్చు. ఫాస్ట్ చార్జింగ్‌లో బ్యాటరీ వేడెక్కినప్పుడు మాత్రం బండి నిలిచే ఉంటుంది, ఎదురుగాలి ఉండదు. రెక్కలు పూర్తిగా తెరిచి, ఫ్యానుతో గాలిని లాగాల్సిన వేళ అదే.