పత్రికా విద్య – పరదేశముల చేయూత

పత్రికా రచన తరగతిలో నేర్పదగిన విద్యయా, లేక పెద్దల చేతిక్రింద పనిచేసి సంపాదించుకొనవలసినదా అను వాదము మన దేశములో చాలాకాలము నడిచినది. ప్రూఫులు దిద్దుచు, టెలిప్రింటరుపై వచ్చిన ఇంగ్లీషు వార్తలను తెలుగు చేయుచు పని నేర్చుకొనుటయే ఆనాటి ఆచారము. ఆ పనికి ఒక తరగతి గది, ఒక పాఠ్యక్రమము ఏర్పడుటలో ఇతర దేశముల సహకారము కూడ కలదు. ఆ సహకారము ఎట్లు వచ్చినది, మనకేమి మిగిల్చినది అను సంగతిని సంఘస్థులైన మీ ముందు ఉంచగోరుచున్నాము.

తొలి ప్రయత్నములు మనవారివే. 1941లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయములో పృథ్వీపాల్ సింగ్ గారు ఒక పత్రికా విద్యాశాఖను ఆరంభించగా, దేశ విభజన తరువాత అది ఢిల్లీకి తరలివచ్చినది. తరువాత మద్రాసు, కలకత్తా, మైసూరులు ఆ త్రోవ పట్టినవి. 1952లో నాగపూరులోని హిస్లాప్ కళాశాల వంతు వచ్చినది. అది స్కాట్లండు మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ గారి పేరిట 1883లో వెలసిన క్రైస్తవ కళాశాల. అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయపు ఆచార్యులు రోలండ్ వుల్స్‌లీ గారు ఫుల్‌బ్రైట్ పథకము క్రింద వచ్చి అచ్చట బోధించారు. మన దేశపు పత్రికలను గూర్చి ఈ దేశపు పాత్రికేయులచేతనే వ్యాసములు వ్రాయించి, ఒక గ్రంథముగా కూర్చారు. బోధింప వచ్చినవాడు ముందు వినుటకు కూర్చుండెను. ఇది మెచ్చదగిన పద్ధతి.

1954లో హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయములో ఈ శాఖ ఏర్పడినది. దానికి తొలి రూపమిచ్చినవారు కూడ అమెరికా ఆచార్యులే. వారి పేరు డి ఫారెస్ట్ ఓడెల్. ఆ విధముగా తెలుగుగడ్డపై పత్రికా విద్యకు పునాది పడినది. అయితే బోధన ఇంగ్లీషులో సాగినది. జిల్లా కేంద్రమునుండి తెలుగులో వార్త వ్రాసి పంపు విలేఖరికి ఆ తరగతి గది దూరముగానే నిలిచినది.

1965 ఆగస్టు 17న ఢిల్లీలో భారతీయ జనసంచార సంస్థ ప్రారంభమైనది. దాని వెనుక ఫోర్డు ఫౌండేషన్ పంపిన నిపుణుల సలహా, యునెస్కో తోడ్పాటు ఉన్నవి. కాని కొద్దికాలములోనే మన స్థానము మారినది. ఆసియా, ఆఫ్రికా దేశముల పాత్రికేయులు శిక్షణకై ఆ సంస్థకే రాసాగారు. నిన్న విద్యార్థిగా కూర్చున్న దేశము నేడు ఉపాధ్యాయ స్థానమున నిలిచినది!

ఈ చరిత్రలో చీకటి పుట కూడ ఉన్నది. దానిని దాచుట న్యాయము కాదు. పెద్ద దేశముల వార్తాసంస్థలు చెప్పినదే లోకము వినవలసి వచ్చుచున్నదను బాధతో, 1976 జూలైలో అలీన దేశములు ఢిల్లీలో సమావేశమై తమ వార్తాసంస్థల కూటమిని స్థిరపరచినవి. ఆ కోరిక న్యాయమైనదే. కాని ఆ దినములలోనే మన దేశములో అత్యవసర పరిస్థితి అమలులో ఉన్నది, పత్రికలపై సెన్సారు ఉన్నది. నాలుగు వార్తాసంస్థలను కలిపి 'సమాచార్' అను ఒకే సంస్థగా చేసియుండిరి. లోకమంతట మన గొంతు వినబడవలెనని కోరిన సభ జరిగినచోటనే ఇంటివాని గొంతు నొక్కబడియుండెను. 1978లో గాని ఆ నాలుగు సంస్థలు మరల విడివడలేదు.

తరువాత యునెస్కో కోరికపై ఐర్లండు దేశస్థుడైన షాన్ మెక్‌బ్రైడ్ గారి అధ్యక్షతన పదహారుగురితో ఒక సంఘము ఈ సమస్యను పరిశీలించి 1980లో నివేదిక ఇచ్చినది. అందులో మన దేశమునుండి సభ్యులు బి. జి. వర్గీస్ గారు. వారు ఛతేరా అను చిన్న పల్లె బ్రతుకును ఢిల్లీ పత్రికలో వరుసగా వ్రాయించిన సంపాదకులు. 1975లో ఆ పదవి పోగొట్టుకొన్నవారు. అదే 1980లో బెల్‌గ్రేడ్ మహాసభలో యునెస్కో సమాచార సాధనముల అభివృద్ధికై ఒక అంతర్జాతీయ కార్యక్రమమును నెలకొల్పినది. పేద దేశములలో విలేఖరుల శిక్షణకు, చిన్న రేడియో కేంద్రములకు అది సహాయము చేయుచు వచ్చినది. కాని ధనిక, పేద దేశముల నడుమ వివాదము చల్లారలేదు. వార్తల విషయమై యునెస్కో పోకడ కూడ ఒక కారణముగా, 1984 చివర అమెరికా ఆ సంస్థనుండి తొలగిపోయినది.

ఈ చరిత్రవలన మనము నేర్చుకొనవలసినదేమి? పరదేశపు చేయూత పుచ్చుకొనుట తప్పు కాదు. అతిథి వెళ్లిన తరువాత ఇంటివాడు తన భాషలో ఆ పని సాగించగలడా, తన పాలకులను గూర్చి నిజము వ్రాయగలడా అనునదే దాని విలువకు కొలత. మొదటి దానికి కొంత జవాబు దొరికినది. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయము పత్రికా విద్యను తెలుగులోనే బోధింప సాగినది. రెండవ దానికి జవాబు ఏ పరదేశపు ఆచార్యుడును తెచ్చి ఇయ్యలేడు. అది పత్రిక నడుపువారి ధైర్యమువలనను, చదువువారమైన మన మెలకువవలనను కలుగవలసినదే. ఉదయమున పత్రిక విప్పునప్పుడు, ఇందులో ఏమి వ్రాసియున్నది అని మాత్రమే గాక, ఏమి వ్రాయబడలేదు అని కూడ అడుగుట మన ఇండ్లలో అలవాటగును గాక.