తాలూకా లెక్క, ఊరి లెక్క

కర్నూలు నుంచి కోడుమూరు మీదుగా ఎమ్మిగనూరు, ఆదోని దాటి పడమటికి పోయేకొద్దీ తెలుగులో కన్నడం కలుస్తూ వస్తుంది. హొళగుంద, హాలహర్వి మండలాల పల్లెల్లో రెండు మాటలూ వినిపిస్తాయి. దసరాకు దేవరగట్టు బన్ని ఉత్సవానికి సరిహద్దుకు రెండువైపులా ఉన్న జనం కదిలి వస్తారు. ఇలాంటి పల్లె ఏ రాష్ట్రానిది? 1953లో ఈ ప్రశ్నను తేల్చినవారు ఊరిని కాక తాలూకాను చూశారు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా నుంచి ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. బళ్లారి తాలూకా మీద తగాదా మిగిలింది. జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రా నివేదిక తర్వాత అది మైసూరుకు పోయింది. 1955లో రాష్ట్రాల పునర్విభజన కోసం ఏర్పడిన ఫజల్ అలీ కమిషన్ తుంగభద్ర ప్రాజెక్టును ముఖ్య కారణంగా చూపి, బళ్లారి తాలూకాను ఆంధ్రకు ఇమ్మంది. 1956 పునర్విభజన చట్టం ఆ సిఫారసును పక్కనపెట్టింది. రెండేళ్లలో అక్కడి జనం మాట మారిపోయిందనడానికి ఆధారం లేదు. నా అంచనాలో మారింది కొలత: ఒకసారి భాష, ఇంకోసారి నీరు.

ఆంధ్ర-మద్రాసు సరిహద్దు తగాదాలో మధ్యవర్తి పాటస్కర్ మరో దారి పట్టారు. గ్రామాన్నే ప్రమాణంగా తీసుకుని, భాషా మెజారిటీని, హద్దులు ఆనుకుని ఉండటాన్ని కలిపి చూశారు. ఆ తీర్పు 1960 ఏప్రిల్ 1న అమలైంది. అదే కొలత బళ్లారి వైపు వాడి ఉంటే గీత ఇంత నేరుగా తాలూకా హద్దుల వెంట పోయేది కాదు. అంతకుమించి ఊహించడం తొందరపాటు.

పల్లె బతుకును గీత తాకింది ఎక్కువగా కాలువ దగ్గరే. తుంగభద్ర బోర్డు పుట్టింది కూడా 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టం ఆధారంగానే. జలాశయం హొసపేట దగ్గర ఉంది. దిగువ కాలువ కర్ణాటక పొలాల మధ్య చాలా దూరం నడిచి ఆలూరు, ఆదోని వైపు వస్తుంది. కోడుమూరు వైపు రైతుది చివరి ఆయకట్టు. ఎగువన తోడేసుకుంటున్నారన్న అతని మాటను కొట్టిపారేయలేం. అయితే జలాశయం సామర్థ్యం మొదట్లో సుమారు 133 టీఎంసీలు, పూడిక చేరి ఇప్పుడది సుమారు 105. నీళ్లు అందకపోవడంలో సరిహద్దు పాలెంత, పూడిక పాలెంత అన్నది విడదీయాలంటే రెండు రాష్ట్రాల తూముల విడుదల లెక్కలను పక్కపక్కన పెట్టి, ఊరూరికీ చదవాలి. తాలూకా సగటులో కోడుమూరు చివరి మడి కనిపించదు.