కీర్తన ఉంది, కథ ఏది? – ఉత్తరాంధ్ర క్రైస్తవ వాఙ్మయం గురించి కొన్ని ఆలోచనలు

ఈ మధ్య వరసపెట్టి కొన్ని క్రైస్తవ నవలలు చదివాను. వాటిలో ఒకటి రెండింటిని భక్తి నవలలనాలో, 'స్ఫూర్తిదాయక' నవలలనాలో నాకు తేలలేదు. విలియం పాల్ యంగ్ 'ది షాక్' (2007) చదువుతున్నంతసేపూ కళ్ళు చెమర్చాయి కానీ, పుస్తకం మూసిన మర్నాటికి మనసులో ఏమీ మిగలలేదు. కూతురిని హంతకుడి చేతిలో పోగొట్టుకున్న తండ్రికి దేవుడే ఉత్తరం రాసి పిలిపించుకుని సమాధానాలు చెబుతాడు. సమాధానాలన్నీ రచయిత దగ్గర ముందే సిద్ధంగా ఉండటం వల్ల ప్రశ్నకు పదును లేకుండా పోయింది. మెరిలిన్ రాబిన్సన్ 'గిలియడ్' (2004) ఇందుకు పూర్తిగా భిన్నం. అయోవాలోని ఒక చిన్న ఊళ్ళో చావుకు దగ్గరైన ముసలి పాస్టరు తన పసికొడుక్కి రాసుకున్న ఉత్తరమే ఆ నవల. అందులో అద్భుతాలేవీ జరగవు. బానిసత్వానికి వ్యతిరేకంగా తుపాకీ పట్టిన తాత, యుద్ధాన్ని అసహ్యించుకున్న తండ్రి, వాళ్ళిద్దరి మధ్య నలిగిన మనవడు, అంతే. పుస్తకం సగానికి వచ్చేసరికి నాకొక సందేహం పుట్టింది. రెండు వందల ఏళ్ళకు పైగా చర్చీలున్న మా శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో ఇలాంటి ముసలి పాస్టర్లు ఎందరో ఉండి ఉంటారు కదా, వాళ్ళ కథ తెలుగులో ఎక్కడుంది?

ఈ ప్రశ్న పట్టుకుని కొంత వెనక్కి వెళ్ళాను. వెళ్ళిన కొద్దీ ఆశ్చర్యం పెరిగింది. తెలుగు క్రైస్తవ వచనానికి పురుడు పోసింది ఒక రకంగా ఈ తీరమే. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నంలో దిగారు. తరంగంబాడి మిషనరీల దగ్గర జ్ఞానస్నానం పొందిన ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు తరువాత వారితో కలిశాడు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. దిగిన అయిదేళ్ళలోపు ఇద్దరూ పోయారన్నమాట. వాళ్ళు మొదలుపెట్టిన అనువాదంలో మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపూర్ అచ్చుకూటంలో వెలువడ్డాయి. వాళ్ళ తరువాత వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధనను పూర్తి చేస్తే, అది 1818లో మద్రాసులో అచ్చయింది. అంతకు ముందు శతాబ్దంలోనే బెంజమిన్ షుల్జ్ బైబిలును తెలుగు చేశాడు గానీ, ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. 1812 నాటి లూకా సువార్తలో తప్పిపోయిన కుమారుడి ఉపమానం ఉంది. ఆస్తి పంచుకుపోయి, తగలేసి, పందుల పొట్టు తిందామనుకునే దశకు దిగజారి ఇల్లు చేరిన కొడుకు, అలిగి గుమ్మం బయటే నిలబడ్డ పెద్దకొడుకు. రాజులు, గంధర్వులు, శాపాలు లేకుండా, పొలమూ పశువులూ కూలీలూ ఉన్న ఒక సంసారపు కథ తెలుగు వచనంలో అచ్చు పడటం అదే మొదలో, మొదటివాటిలో ఒకటో అయి ఉండాలి. మన కథానిక చరిత్రలు రాసేవాళ్ళు దీన్ని లెక్కలోకి తీసుకోరు. మతగ్రంథం కాబట్టి పక్కన పెడతారు. మతగ్రంథంలోది కథ కాదని నేను ఒప్పుకోలేను. అలాగైతే పంచతంత్రం తప్ప మనకేమీ మిగలదు.

ఆ ఉపమానానికీ గురజాడ 'దిద్దుబాటు'కూ (1910) చుట్టరికం ఉందని నేననను. పోలిక మాత్రం చూడవచ్చు. అర్ధరాత్రి దాటాక సానిపాట నుంచి ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. అక్కడినుంచి పశ్చాత్తాపం మొదలవుతుంది. తప్పు, ఇల్లు చేరడం, కుమిలిపోవడం, క్షమ, ఇవన్నీ వరసగా ఉన్నాయి. కానీ ఇక్కడ క్షమించేది తండ్రి కాదు, మంచం కింద దాక్కుని నవ్వు ఆపుకోలేకపోయిన పెళ్ళాం. ఆ నవ్వుతో పశ్చాత్తాపపు కథ విజయనగరం కథ అయిపోయింది. భక్తి నవలల్లో నాకు సాధారణంగా దొరకనిది ఆ నవ్వే. ఆ గురజాడే 'మతము: విమతము' అన్న కథను శ్రీకాకుళంలోని పెద్దమసీదు చుట్టూ అల్లాడు. కాశీ నుంచి తిరిగి వచ్చిన బ్రాహ్మణుడికి తన గుడి మసీదుగా, తన మనిషి ముసల్మానుగా కనిపిస్తే ఏమవుతుందో రాశాడు. మతం మారిన మనిషిని కథలో నిలబెట్టడం ఈ నేలకు తెలియని విద్య కాదని చెప్పడానికే దీన్ని తలుస్తున్నాను.

క్రైస్తవుల్లో సృజనశక్తి లేకనా? అదీ కాదు. పురుషోత్తమ చౌదరి సంగతి చూడండి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో, వంగదేశపు మూలాలున్న బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. 1833లో బాప్తిస్మం పొంది 1890 దాకా జీవించాడు. ఈనాటికీ 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో ఆయన కీర్తనలు విరివిగా ఉన్నాయి. ఒక్కొక్క కీర్తన నెత్తిన రాగమూ తాళమూ ఉంటాయి. పడమటి నుంచి వచ్చిన మతాన్ని త్యాగరాజు కాలపు రాగాల్లోకి దించిన ఘనత ఆయనది. చినువా అచెబె నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్' (1958)లో న్వోయే అనే కుర్రవాడు కొత్త మతంలోకి పోయేది సిద్ధాంతం అర్థమై కాదు, వాళ్ళ పాటలోని కవిత్వం మనసుకు తగలడం వల్ల. మా ఊళ్ళ చర్చీల్లో కూడా జరిగింది చాలావరకు అదేనని నా నమ్మకం. సిద్ధాంతం కంటే పాటే ముందు మనసును పట్టింది. ఉన్న శక్తి అంతా పాటలోకి పోయింది, కథకు మిగలలేదు.

భాష ఇంకొక కారణం. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. తెలుగు బైబిలు భాష గ్రాంథికానికి దగ్గరగా ఉండే ఒక ప్రత్యేకమైన భాష. 'ఏలయనగా', 'నిశ్చయముగా', 'దయచేయుము' వంటి మాటలతో నడుస్తుంది. వాడుకభాష కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పినవాడు. ఆయన వాదం పత్రికల్లో నెగ్గింది, కథల్లో నెగ్గింది, చివరకు బడుల్లోనూ నెగ్గింది. చర్చిలో మాత్రం నెగ్గలేదు. ఈనాటికీ వారమంతా 'ఏటి సేస్తాం బాబూ' అని మాట్లాడే తల్లి, ఆదివారం ప్రార్థన చేసేటప్పుడు 'కృప చూపుము ప్రభువా' అంటుంది. ప్రార్థనకు అది అందమే. నాకు వినడానికి ఇష్టం కూడా. కానీ కథకు అది ఉరితాడు. నాకు దొరికిన సంఘ పత్రికల్లోని కథల్లో తాగుబోతు మొగుడు కూడా పౌలు పత్రికలాగా మాట్లాడతాడు. తాగుబోతు మాట్లాడే భాష రావిశాస్త్రికి తెలుసు, అందుకే ఆయన పాత్రలు బతికాయి.

ఇక్కడొక పిడకల వేట. క్రైస్తవ నవల తెలుగులోకి దొడ్డిదారిన ఎప్పుడో వచ్చేసిందని నా అభిప్రాయం. గోల్డ్‌స్మిత్ 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' (1766) ఒక పాదిరీ కష్టాల కథ. ఆస్తి పోయి, కూతురు మోసపోయి, చెరసాల పాలై, అక్కడ ఖైదీలకు కూడా దైవోపదేశం చేసే మనిషి డాక్టర్ ప్రిమ్‌రోజ్. దాని ఛాయలో కందుకూరి 1878లో 'రాజశేఖర చరిత్రము' మొదలుపెట్టాడు. పాదిరీ పోయి ధవళేశ్వరపు బ్రాహ్మణ గృహస్థు వచ్చాడు. ఇంగ్లీషు నవలలో దైవభక్తి మోసిన బరువును తెలుగులో మూఢనమ్మకాల మీది విమర్శ మోసింది. తరువాత దాన్ని హచిన్సన్ 'ఫార్చూన్స్ వీల్' అన్న పేరుతో ఇంగ్లీషులోకి మార్చితే 1887లో లండనులో వెలువడింది. పాదిరీని తీసేసి రాసిన పుస్తకం మళ్ళీ పాదిరీల దేశం చేరింది. తెలుగు నవల పుట్టుకలోనే క్రైస్తవ కథ ఉంది, క్రైస్తవుడు లేడు! బన్యన్ 'యాత్రికుని ప్రయాణము' కూడా పంతొమ్మిదో శతాబ్దంలోనే తెలుగులోకి వచ్చింది గానీ, అది చర్చి గోడ దాటి సాహిత్యంలోకి రాలేదు.

తెలుగులో క్రైస్తవ అనుభవాన్ని మోసిన నవల అంటే నాకు మొదట గుర్తొచ్చేది జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000). అది ఒంగోలు, నెల్లూరు వైపు కథ. అక్కడి చరిత్ర వేరు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పనులు, జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్తిస్టు మిషనరీ, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. తరాలు తరాలుగా మాలమాదిగ వాడలు కదిలిన చరిత్ర అది. కళ్యాణరావు దాన్ని భక్తుడుగా రాయలేదు, విప్లవ రచయితగా రాశాడు. మతం మారినా వదలని కులాన్ని చూపించాడు. అయినా ఎల్లన్న పాటను, రూతు జ్ఞాపకాలను ఎక్కడా చిన్నచూపు చూడలేదు. చివరి భాగంలో వాదం కొంచెం బరువెక్కిందని నాకు అనిపించింది. మొదటి సగం మాత్రం మళ్ళీ మళ్ళీ చదవదగినది.

మా వైపు అంత పెద్ద కదలిక రాలేదు. భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరాల్లో కెనడా బాప్తిస్టులు బళ్ళు, ఆసుపత్రులు పెట్టారు. బొబ్బిలిలో దశాబ్దాలపాటు ఉన్న మెటిల్డా చర్చిల్ దొరసాని ఉత్తరాలు 1916లో పుస్తకంగా వచ్చాయి. అంటే ఇక్కడి తొలి క్రైస్తవుల జీవితం గురించి చదవాలంటే మనం ఒక కెనడా దొరసాని ఇంటికి రాసుకున్న ఉత్తరాలు వెతకాలి. వాటిలో మనవాళ్ళు ఉన్నారు, కానీ ఎప్పుడూ ఆమె చూపులోనే ఉన్నారు. వంటింట్లో పనిచేసినవాళ్ళు ఆమె గురించి ఏమనుకున్నారో, పేరు మార్చుకున్న రోజు రాత్రి ఇంట్లో ఏం జరిగిందో చెప్పగలిగింది కల్పన ఒక్కటే. ఆ కల్పనే రాలేదు.

రాకపోతే ఏమవుతుందో సవరల విషయంలో కనిపిస్తుంది. గిడుగు వారు సవర భాష నేర్చి, వ్యాకరణమూ నిఘంటువూ రాసిన సంగతి మనందరికీ తెలిసిందే. అదే సవరల మధ్య, ఒడిశా వైపు కొండల్లో, పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1970ల నుంచి తిరిగాడు. సవరలు చనిపోయినవాళ్ళతో మాట్లాడతారు. షమాను స్త్రీ పూనకంలో ఉండగా ఆమె నోట చచ్చినవాళ్ళు పలుకుతారు. బతికున్నవాళ్ళు వాళ్ళతో పోట్లాడతారు, ఏడుస్తారు, బుజ్జగిస్తారు. తరువాతి తరం పెద్దఎత్తున బాప్తిస్టులయ్యారు. ఇక చనిపోయిన తల్లి మాట్లాడదు. విటెబ్‌స్కీ పుస్తకం 'లివింగ్ వితౌట్ ది డెడ్' (2017) ఆ మౌనం గురించే. పిల్లలకు చదువు వచ్చింది, బలుల ఖర్చు తప్పింది, భయం తగ్గింది. దానితోపాటు ఏం పోయిందో కూడా ఆయన రాశాడు. ఏ పక్షమూ వహించకుండా రాసినందుకు అది నాకు నవలలాగా అనిపించింది. స్ఫూర్తిదాయక నవలల్లో మారినవాడికి లాభమే తప్ప నష్టం ఉండదు. నష్టం లేని మార్పును నేను నమ్మలేను.

'స్ఫూర్తి' గురించి ఇంకొక్క మాట. మురపాక నుంచి వచ్చిన కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం'లో శ్రీరాములు నాయుడున్నాడు. ఊరిని బాగుచేసినవాడు, గాంధేయుడు, నిజాయితీపరుడు, తగవు తీర్చేటప్పుడు ఎవరికీ లొంగనివాడు. ఏ స్ఫూర్తిదాయక నవలలోనైనా కథానాయకుడు అతడే అయ్యేవాడు. చివరి పేజీలో అప్పల్రాముడి అప్పు తీరేది, అందరూ కన్నీళ్ళు పెట్టుకునేవారు. కారా మాస్టారు ఆ మంచితనాన్ని ఎక్కడా అబద్ధం చేయకుండానే, దాని తీర్పు కింద సీతారాముడు తన బిడ్డను తానే నరుక్కునే దాకా తీసుకుపోయాడు. ధర్మం తూచా తప్పకుండా జరిగింది, బిడ్డ చచ్చిపోయింది. 'గిలియడ్' మెచ్చుకున్న నేను ఇది కూడా మతం గురించిన కథే అంటాను. దేవుడి పేరు ఎత్తనంత మాత్రాన కాకుండా పోదు.

కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయంలో తెలుగు పత్రికల్లో వచ్చిన కథలన్నీ సేకరించే ప్రయత్నం జరిగింది. సంఘ పత్రికల్లో వచ్చిన కథలను కూడా ఎవరైనా ఓపికగా ఒకచోట చేర్చగలిగితే బాగుంటుంది. పాత చర్చీల బీరువాల్లో చెదలు తినకుండా మిగిలినవి ఉంటే ఉండవచ్చు. వాటిలో తొంభై శాతం నేను పైన తిట్టిన రకమే అయి ఉండవచ్చు. మిగిలిన పదిలో, సముద్రపు ఒడ్డున ఏ బారువలోనో కళింగపట్నంలోనో ఒక ముసలి పాస్టరు తన కొడుక్కి రాసుకున్న ఉత్తరం ఏదైనా ఉందేమో చూడాలని నా కోరిక. మీ ఇళ్ళలో గానీ, తెలిసినవారి ఇళ్ళలో గానీ అలాంటి పాత సంచికలు ఉంటే పారేయకండి.