భీం పేజీ తిరగరాస్తూ

మా అక్క బిడ్డ హాస్టల్ బడిలో తొమ్మిదో తరగతి చదువుతుంది. కిందటేడు బడిలో పెట్టిన క్విజ్‌లో కుమ్రం భీం ఎప్పుడు చనిపోయాడని అడిగారు. "ఆశ్వయుజ పున్నమి" అని రాసింది. తప్పని కొట్టేశారు. సరైన జవాబు 1940 అక్టోబరు 27 అట. సెలవులకు ఇంటికొచ్చి, "మామా, అమ్మమ్మ మనకు తప్పు చెప్పిందా?" అని అడిగింది.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. క్విజ్ తయారుచేసినవాళ్లు జవాబును ఫోన్లో వెతికి రాసుకున్నారని తెలిసింది. అందులో వాళ్ల తప్పేమీ లేదు, ఇప్పుడు అందరం చేసేది అదే. అలాంటప్పుడు ఫోన్లో దొరికే జీవిత చరిత్రనే సరిగ్గా రాయాలి కదా అనిపించింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. ప్రతి వ్యాసానికీ ఒక చర్చా పేజీ, ఏ మార్పు ఎప్పుడు జరిగిందో చూపే ఒక చరిత్ర పేజీ ఉంటాయి. చర్చా పేజీలో పెట్టడానికి భీం జీవితాన్ని మొదటి నుంచి రాసుకుందామని కూర్చున్నాను. వారంలో అయిపోతుందనుకున్న పని వానాకాలమంతా పట్టింది.

అక్కడి నియమాలు ముఖ్యంగా మూడు. తటస్థంగా రాయాలి. రాసిన ప్రతి మాటకూ అచ్చైన మూలం చూపాలి. సొంత పరిశోధన చేర్చకూడదు. మొదటిదానికే నా మొదటి రాతప్రతి సగం ఎగిరిపోయింది. "అడవితల్లి ముద్దుబిడ్డ", "గోండుల దేవుడు", "నరరూప రాక్షసులైన నిజాం పోలీసులు" వంటివన్నీ నేను ఇష్టంగా రాసుకున్న మాటలే. ఒక్కొక్కటే కొట్టేస్తుంటే చేయి ఆడలేదు. మిగిలినది చదివిన మా తమ్ముడు వరసవాడొకడు, "భీంను చిన్నగ చేసినవ్ అన్నా" అన్నాడు.

నాకూ కొన్నాళ్లు అలాగే అనిపించింది. ఒక వాక్యం దగ్గర ఆ అభిప్రాయం మారింది. "జోడేఘాట్ ఘర్షణలో భీం మరణించాడు" అని రాశాను. పొగడ్త లేదు, తిట్టు లేదు, చూడటానికి చాలా తటస్థంగా ఉంది. కానీ ఎవరు చంపారు? ఘర్షణ తనంతట తాను మనిషిని చంపదు కదా. చేసినవాడి పేరు తీసేస్తే వాక్యం చల్లగా అవుతుంది గానీ నిజం కాదు. "నిజాం పోలీసుల కాల్పుల్లో భీం, ఆయన అనుచరులు కొందరు చనిపోయారు" అని మార్చాను. రాక్షసులు అన్న మాట పోయింది, పోలీసులు అన్న మాట వచ్చింది. రెండోదానికే బరువు ఎక్కువ.

ఆ వాక్యానికి మూలం వెతికితే దొరికింది మన పక్షం రాతల్లో కాదు. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ ఆ కాల్పుల తర్వాతి సంవత్సరాల్లోనే ఆదిలాబాదు గోండుల మధ్య ఉన్నాడు, మార్లవాయిలో ఇల్లు కట్టుకున్నాడు. తర్వాత నిజాం ప్రభుత్వానికే సలహాదారు అయ్యాడు. 1945లో అచ్చైన ఆయన నివేదికలు, 1948 నాటి రాజ్ గోండుల పుస్తకం, 1982 నాటి 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' మన జిల్లా చరిత్రకు పెద్ద ఆధారాలు. బాబేఝరి సంగతికి మూలం రిజర్వు అడవి పేరుతో గూడేల్ని ఖాళీ చేయించడంలో ఉందని ఆయన రాశాడు. మనవాళ్లు చెబితే "మీ నాయకుడు కాబట్టి అంటున్నారు" అనవచ్చు. సర్కారు కొలువులో ఉన్నవాడు సర్కారు అడవి విధానాన్ని తప్పుపట్టాడంటే ఆ మాటను పక్కన పెట్టడం కష్టం. అయినా ఆయన కూడా బయటివాడే. అప్పటి ప్రభుత్వ కళ్లతో చూసిన సంగతులూ ఆ పుస్తకాల్లో ఉంటాయి. అందుకే "హైమండార్ఫ్ ప్రకారం" అని చేర్చే రాశాను.

ఇక పరారీ కథ. సిద్దిక్ అనేవాణ్ణి కొట్టి చంపడం, అక్కడి నుంచి చాందాకు, ఆ తర్వాత అస్సాం తేయాకు తోటలకు పోవడం, చదువు నేర్చి తిరిగి రావడం మనందరికీ కంఠస్థమే. ఇది లోకానికి ఎక్కువగా తెలిసింది సాహు, అల్లం రాజయ్య రాసిన నవల వల్ల. వాళ్లు గూడేల్లో తిరిగి, విని రాసినవాళ్లు. అయినా నవల నవలే. ఏది విన్నదో, ఏది కల్పించిందో పుటపుటకూ విడదీసి చెప్పలేం. అల్లాణి శ్రీధర్ సినిమా, ఆ తర్వాత 2022లో దేశమంతా ఆడిన 'ఆర్ఆర్ఆర్' మరో సంగతి. అల్లూరి సీతారామరాజుతో భీం స్నేహం ఆ సినిమాకు కట్టిన కల్పన. అల్లూరిని 1924లోనే చంపేశారు. అస్సాం కథను నేను తీసేయలేదు. "గూడేల్లో చెప్పుకునే కథనం ప్రకారం, నవలలో వచ్చిన ప్రకారం" అని ఒక పేరాలో పెట్టాను. సినిమా స్నేహానికి సినిమా పేజీ ఉంది, అక్కడికి పంపాను. 'జల్ జంగల్ జమీన్' నినాదానికీ "ఆయనదిగా ప్రసిద్ధం" అని రాశాను. ప్రసిద్ధమన్నది ఎవరూ కాదనలేని నిజం.

పేరు దగ్గర కూడా పేచీ వచ్చింది. మన ఇంటిపేరు కుమ్రం. తెలుగు నోళ్లలో కొమరం, కొమురం అయింది. హైమండార్ఫ్ రాసింది భీము. 2016లో వచ్చిన జిల్లా పేరు ఇంగ్లీషులో ఒకలా, తెలుగు బోర్డుల మీద ఇంకోలా కనిపిస్తుంది. పేజీకి జనం ఎక్కువగా వెతికే పేరు పెట్టి, మిగతావాటికి దారిమార్పులు పెట్టడం అక్కడి పద్ధతి. ఒప్పుకున్నాను గానీ, మొదటి వాక్యంలోనే కుమ్రం అన్నది ఉండాలని పట్టుబట్టాను.

ఇప్పుడు మా పిల్ల తేదీ. పుట్టిన సంవత్సరం 1900 అని కొందరు, 1901 అని కొందరు రాస్తారు. చనిపోయిన రోజు ఒకచోట అక్టోబరు 27, ఇంకోచోట సెప్టెంబరు 1. జోడేఘాట్‌లో వర్ధంతి మాత్రం ఏటా ఆశ్వయుజ పున్నమికే జరుగుతుంది, సర్కారువాళ్లు వచ్చేదీ ఆ రోజే. నేను వెనక్కి లెక్క కట్టాను. 1940లో ఆ పున్నమి అక్టోబరు 16న వచ్చింది. సెప్టెంబరు 1 అమావాస్య ముందురోజు. అక్టోబరు 27 దీపావళికి మూడు రోజుల ముందు, చంద్రుడు దాదాపు కనిపించని రోజు. అంటే తేదీగా తిరుగుతున్న ఈ రెండింటిలో ఏదీ పున్నమి కాదు. ఆ పున్నమి తర్వాతే దండారి, గుస్సాడీ మొదలవుతాయి. మన పెద్దలు కాలాన్ని గుర్తుపెట్టుకునే తీరు అది. దండారికి ముందు జరిగిన చావును దండారి మధ్యలో జరిగిందని పొరబడరు.

నిజాం కచేరీ కాగితాలు ఇంకో లెక్క మీద నడిచాయి. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. మన ప్రాంతాల కోసం తెచ్చిన గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ 1356 ఫసలీది, అంటే 1946. కానీ ఫసలీ కొత్త సంవత్సరం అక్టోబరు మొదట్లో వస్తుంది కాబట్టి సరిగ్గా ఆ రోజుల దగ్గర చూసుకోకుండా మారిస్తే ఏడాది తేడా పడుతుంది. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో ఆ కాలపు దస్త్రాలు ఎక్కువగా ఉర్దూ, ఫార్సీ. మనలో ఉర్దూ దస్తూరీ చదవగల పిల్లలు ఇద్దరు తయారైనా చాలా సందేహాలు తీరతాయి. భంగ్యా భూక్యా 2017లో గోండుల చరిత్ర మీద ఇంగ్లీషులో పుస్తకం తెచ్చారు. అలాంటివి ఇంకా రావాలి.

నా పున్నమి లెక్కను పేజీలో పెట్టి "కాబట్టి 27 తప్పు" అని తేల్చడానికి మూడో నియమం ఒప్పదు. అది సొంత పరిశోధన. కోపం వచ్చింది. ఆలోచిస్తే, ఆ నియమం లేకపోతే ఎవరికి తోచిన తేదీ వాళ్లు పెట్టి తేల్చేస్తారు. అందుకే లెక్కను ఇక్కడ, ఈ పుస్తకంలో రాస్తున్నాను. అచ్చైతే ఎవరైనా చూసి ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. పేజీకి రాసిన వాక్యం ఇది: "1940లో భీం చనిపోయిన తేదీని వేర్వేరు రచనలు వేర్వేరుగా చెబుతున్నాయి, జోడేఘాట్‌లో ఆయన వర్ధంతిని ఆశ్వయుజ పున్నమి నాడు జరుపుతారు." మా అక్క బిడ్డకు చూపించాను. "అయితే నాకు సగం మార్కు రావాలి" అంది.

నోటి మాటను మూలంగా తీసుకోవచ్చా అని 2011లో వికీమీడియా తోడ్పాటుతో హిందీ, మలయాళం, దక్షిణాఫ్రికాలోని సెపెడి భాషల్లో ఒక ప్రయత్నం జరిగింది. పెద్దల మాట రికార్డు చేసి, దాన్నే ఆధారంగా చూపారు. గోండీలో, కొలామీలో మనం ఆ పని చేయలేమా? చెప్పినవారి పేరు, ఊరు, ఎవరి నోట విన్నారు, రికార్డు చేసిన రోజు, ఇవి ఉంటే చాలు.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టింది భీం పేజీలో భీం కానివాళ్లు. ఆ రోజు ఆయనతో పాటు పడిపోయినవాళ్ల లెక్క ఒక్కో రాతలో ఒక్కోలా ఉంది, "అనుచరులు కొందరు" అని నేనూ రాసి ఊరుకున్నాను. వాళ్లకు ఇళ్లున్నాయి, ఇంటిపేర్లున్నాయి. మా అమ్మను కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చేస్తే రెండు పేర్లు చెప్పింది, ఒకరి ఊరు కూడా చెప్పింది. ఆ ఊరికి పోయి ఇంకొకరి నోట వినేదాకా వాటిని పేజీలో పెట్టను. నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను, పక్కన తేదీ వేసి.