ముక్త్యాల కోట: నది అంచున జమీందారీ, నీరందని మెట్ట

1. ప్రవేశిక:
కృష్ణానది ఎడమగట్టున, జగ్గయ్యపేట మండలంలో ముక్త్యాల కోట ఉంది. ఇది వాసిరెడ్డి వంశీయులైన ముక్త్యాల జమీందారుల నివాసం. ఇటువంటి కోటలను దర్శించేవారు గోడలను, తోటలను, నదీదృశ్యాన్ని జమీందారీ వైభవానికి చిహ్నాలుగా భావించడం పరిపాటి. కోటను దాని చుట్టూ ఉన్న మెట్టభూములతో కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నదీతీర పాలన:
వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు (పాలన 1783-1816) తన రాజధానిని చింతపల్లి నుండి అమరావతికి మార్చారు. రెండూ కృష్ణాతీర స్థలాలే. బేతవోలు వద్ద తండ్రి జగ్గయ్య పేరిట ఆయన నిర్మించిన పట్టణమే జగ్గయ్యపేట. ఈ వంశీయులకు నది రాకపోకల మార్గం, తీర్థం, అధికార చిహ్నం. అయితే ఆ అధికారానికి ఆధారం రైతు చెల్లించిన శిస్తు.

3. తోటకు అందిన నీరు, చేనికి అందని నీరు:
ఒడ్డున ఉన్న తోటను మోటతోనో కావడితోనో తడపవచ్చు. వేల ఎకరాల చేలకు ఆ పద్ధతి చాలదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి దిగువ డెల్టా మాగాణిగా మారింది. ఆనకట్టకు ఎగువన, ఎత్తుగా ఉన్న జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలకు ఆ కాలువలు రాలేదు. పాలేరు, మున్నేరు పారుతున్నా ఇక్కడ వానమీద ఆధారపడిన సేద్యమే ప్రధానంగా మిగిలింది. కోట నుండి కనిపించే నది చేనికి దూరమే.

4. కోట నుండి నందికొండకు:
1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ వ్యవస్థ ముగిసింది. ఆ సంధికాలంలోనే ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ నందికొండ వద్ద ఆనకట్ట కోసం కృషి చేశారు. 1952లో ఖోస్లా కమిటీ నియామకం, 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ చేతులమీదుగా కాలువలకు నీటి విడుదల ఈ క్రమంలోని ముఖ్య ఘట్టాలు. నాగార్జునసాగర్ ఎడమకాలువ నల్గొండ, ఖమ్మం జిల్లాల మీదుగా కృష్ణాజిల్లా మెట్టకు చేరింది. దీనిని ఒక్క వ్యక్తి ఔదార్యంగా మాత్రమే చెప్పడం అసమగ్రం. రాయి మోసిన వేలాది కూలీల శ్రమ, నాగార్జునకొండ లోయలో ముంపునకు గురైన ఊళ్లు కూడా ఈ చరిత్రలో భాగమే.

5. ముగింపు:
ముక్త్యాల కోట వైభవానికే కాక ఒక వైరుధ్యానికీ సాక్ష్యం. నదిని చూసే హక్కు కొందరిది, నీటి కోసం ఎదురుచూపు అందరిది. స్థానిక చరిత్ర రచనలో కోటగోడలతో పాటు కాలువగట్లనూ ఆధారాలుగా స్వీకరించినప్పుడే ఈ ప్రాంత చరిత్ర సమగ్రమవుతుంది.